నల్లబొట్టు డబ్బా

ముందే ఒప్పుకుంటాను, తర్వాత ఇంకెవరో చెప్పగా మీరు వినేకన్నా నయం. సిలికోన్ పొరలోంచి ఏది దూరుతుంది, ఏది దూరదు అని పిల్లలకి పాఠాలు చెప్పి బతికేవాణ్ని నేను. నా జీతమూ దానివల్లే, నా బట్టతలా దానివల్లే. అలాంటి నేను, నా చేతులతో నేనే బిగించిన ఒక ప్లాస్టిక్ డబ్బాని చూసి జడుసుకుని, అరకు కొండల్లో ఒక ఇంటి గుమ్మం ముందు చెప్పులు వదిలేసి, మంచులో ఉత్తికాళ్లతో ఊరి చివరిదాకా పరిగెత్తాను. చెప్పులు ఆ తర్వాత ఎవరో తెచ్చి ఇచ్చారు. పరువు మాత్రం ఇంకా రాలేదు.

డబ్బా ఎందుకు వచ్చిందంటే సంత వల్ల. అరకు సంతకి కొండ మీది ఊళ్ల నుంచి టమాటాలు, చిక్కుళ్లు, సీతాఫలాలు దిగుతాయి. సాయంత్రానికి అమ్ముడు కానివాటిని మళ్లీ కొండెక్కించే ఓపిక ఎవరికీ ఉండదు. వచ్చిన ధరకి ఇచ్చేస్తారు, లేకపోతే రోడ్డు పక్కన పారబోస్తారు. వాటిని వచ్చే సంతదాకా పాడవకుండా నిలబెట్టాలన్నది మా చిన్న ప్రాజెక్టు. కోసిన కాయ కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది. డబ్బా మూతలో కిటికీ కోసి అక్కడ సిలికోన్ పొర బిగిస్తే, కాయ వదిలిన బొగ్గుపులుసు గాలి తొందరగా బయటికి పోతుంది, బయటి గాలి నెమ్మదిగా లోపలికి వస్తుంది. కాయ సగం నిద్రలో ఉండిపోతుంది. పొరలు తయారుచేసింది విశాఖపట్నంలో ప్రయోగశాల ఉన్న నా సహాధ్యాయి. అతని సంగతి చివర్లో తేలుస్తాను.

పొరలు మూడు రకాలు. సంతరోజు కొండ దిగే జీపుని చూసినవాళ్లకి ఆ తేడా చెప్పడం తేలిక. జీపు ఒకటే, నడక మాత్రం పక్కన వేలాడేవాళ్లని బట్టి ఉంటుంది. సిలికోన్‌కి వెన్నెముక ఒక పొడుగాటి గొలుసు. సిలికాన్, ఆక్సిజన్, మళ్లీ సిలికాన్, మళ్లీ ఆక్సిజన్. ప్రతి సిలికాన్‌కీ రెండు పక్కలా ఇద్దరు వేలాడతారు. వాళ్లని నేను క్లాసులో పక్కగుంపులు అంటాను, వెనకబెంచీలవాళ్లు తమనే అన్నానని నొచ్చుకుంటారు. వేలాడేది మిథైల్ అయితే బక్కపిల్లలు వేలాడినట్టు. బండి ఏ మలుపులోనైనా సులువుగా ఒళ్లు విరుచుకుంటుంది, గొలుసుల మధ్య సందులు పుడుతూ పోతూ ఉంటాయి, గాలులు చకచకా దూరిపోతాయి. కొందరు మిథైళ్లని దింపి ఫినైళ్లని ఎక్కిస్తే, ఒక్కొక్కడూ వెదురు చాట అడ్డంగా పట్టుకుని వేలాడినట్టు. బండి బిగుసుకుపోతుంది, సందు దొరకదు, ఏదైనా ఆగి ఆగి దూరాలి. ఆక్టైల్ అయితే పొడుగాటి తోక, కొంగు రోడ్డంతా జీరాడిస్తూ వేలాడినట్టు. నూనె గుణం ఉన్న ఏ వాసనైనా దానికి చుట్టుకుంటుంది. పీల్చుకుంటుంది, దాచుకుంటుంది, వెచ్చబడితే వదులుతుంది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసీ పరిగెత్తాను. అందుకే మూర్ఖత్వం అంటున్నాను, లేకపోతే అజ్ఞానం అని సరిపెట్టుకునేవాణ్ని.

సిలికోన్‌కి ఏ జిగురూ అంటదు కనక చీటీలు నిలవలేదు. సంతలో బొట్టుబిళ్లల అట్ట కొని, పొరకి కాకుండా మూత అంచుకి అతికించాను. మిథైల్‌కి ఎర్రబొట్టు, ఫినైల్‌కి ఆకుపచ్చది, ఆక్టైల్‌కి నల్లది. మూడు డబ్బాలూ గోడవార వరసగా కూర్చుంటే ముగ్గురు ఆడవాళ్లు దేనికోసమో కాచుకుని ఉన్నట్టుండేది. నాకు ముందునుంచీ వాటికి వీపు పెట్టి కూర్చోవడం అంత ఇష్టం లేదు. ఇదీ ఒప్పుకుంటున్నాను.

డబ్బాలు పెట్టుకోవడానికి గది ఇచ్చింది కొండ మీది ఊళ్లో ఒకావిడ. భర్త పోయాడు. ఆవిడా, ఆవిడ అత్తా ఉండేవాళ్లు. మట్టిగోడల ఇల్లు, పెంకుల కప్పు, ఆ గదికి మాత్రం వెలుతురు కోసం ఒక అద్దం పెంకు. పొద్దున్న మంచు విడగానే ఆ పెంకులోంచి పళ్లెమంత ఎండ దిగి, గోడ మీంచి జారి, నల్లబొట్టు డబ్బా పక్కన కాసేపు నిలిచేది. ముసలావిడ సరిగ్గా ఆ ఎండలో పీట వేసుకుని అడ్డచుట్ట కాల్చేది. అడ్డచుట్ట అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. పెదాల మధ్యనుంచి పొగ ఒక్కటే వచ్చేది, నిప్పు కనిపించేది కాదు. మొదటిసారి చూసినప్పుడు మనిషే లోపలెక్కడో అంటుకుందనుకున్నాను.

"ఒరే గుంటడా, నీ అప్పసెల్లెల్లు ఏటి తింతన్నారు?" అనేది. యాభై దాటిన నన్ను గుంటడా అని పిలిచేవాళ్లు లోకంలో ఇంకెవరూ మిగల్లేదు, అందుకని ముద్దుగానే ఉండేది.

"తినడం కాదు పెద్దమ్మా, ఊపిరి పీలుస్తున్నారు."

"మరి ఒకత్తికైనా దగ్గు రాదేటి?" అని తనే దగ్గేది.

దగ్గు తగ్గాక అరచెయ్యి తీసుకెళ్లి నల్లబొట్టు డబ్బా పొర మీద ఆనించేది. పొర మెత్తగా లోపలికి దిగి, మళ్లీ పొంగేది. "కడుపుతో ఉన్న గుంట పొట్టలాగున్నాది" అనేది. రోజూ అంతే. ఆవిడ చిటికెనవేలు ఎప్పుడో విరిగి పక్కకి వంగి ఉండేది. అది కూడా పొర మీద వంకరగానే ఆనేది.

డబ్బాలు తెచ్చిన రోజున ఊరివాళ్లని కూర్చోబెట్టి నేనొక ఉపన్యాసం ఇచ్చాను. "ఇందులో పెట్టింది పెట్టినట్టే ఉంటుంది, బయటికి పోదు" అన్నాను. నా చదువంతా బయటికి పోయేదాని మీదే. కానీ మైకు లేకపోయినా ఉపన్యాసం ఉపన్యాసమే కదా, నోటికి అడ్డు ఉండదు.

కొన్నాళ్లకి ఎర్రబొట్టు డబ్బాలో కాయలు బాగానే నిలిచాయి. ఆకుపచ్చదాంట్లో ఊపిరాడక కమిలాయి. నల్లదాంట్లోవి చూడ్డానికి బాగున్నాయి కాని, కొరికితే టమాటా కాదు, చుట్ట. ముసలావిడ మాత్రం రెండు తిని, "ఇదే బాగున్నాది" అంది. నేను ఆ డబ్బాని ఖాళీ చేసి, మూత పెట్టి, అక్కడే వదిలేశాను.

ఎండలు ముదిరే వేళకి నేను కొండ కింద మా ఊళ్లో పేపర్లు దిద్దుతున్నాను. ఇల్లావిడ ఫోన్ చేసింది. "అత్త ఎల్లిపోనాది బాబూ. పొద్దున్న ఎండలో కూకుంది, మరి లెగనేదు."

నేను మళ్లీ కొండెక్కేసరికి వానలు పట్టాయి. మంచు గుమ్మంలోంచి లోపలికి వచ్చి, చుట్టంలా మూలమూలా చూసుకుని పోయే రోజులు. గది తలుపు తీశాను. గుప్పుమంది. పాత పొగ వాసన కాదు, అప్పుడే ఎవరో చుట్ట నోట్లోంచి తీసినట్టు. పీట ఖాళీగా ఉంది. కుక్క నా వెంట వాకిలిదాకా వచ్చి, గడప దగ్గర కూర్చుండిపోయింది. ఎంత పిలిచినా లోపలికి రాలేదు.

ఇల్లావిడ గుమ్మంలో నిలబడి నా మొహం చూసింది. "నీకూ వొచ్చినాదా?" అంది మెల్లగా.

"వచ్చింది."

"ఎవులికీ సెప్పకు బాబూ."

చెప్పకుండా దాగే సంగతి కాదది. అప్పటికే ఊరంతా పాకింది. ఆ ఊళ్లో పోయినవాళ్ల వస్తువులు ఇంట్లో ఉంచరు. కర్ర, గిన్నె, గొంగళి, పొగాకు, అన్నీ ఊరవతల తోపులో వాళ్లతోపాటే వదిలేస్తారు. అంత చేసినా మనిషి జాడ ఇంట్లోనే ఆగిందనుకోండి, కొర్ర కొత్త దాకా చూస్తారు. కొత్తగా కోసిన కొర్రలు దేవతకి పెట్టి, ఆ తర్వాతే ఇళ్లల్లో వండుకునే పండగ అది. అప్పటికీ పోకపోతే ఆ ఇంటి కప్పు విప్పేస్తారు. పెంకులు దించి, గోడల్ని వానకి వదిలేస్తారు. ఇంట్లోవాళ్లు వేరేచోట బతకాలి. ఈవిడకి వేరేచోటంటే దిగువ ఊళ్లో బావగారి పశువులసాల పక్కనున్న కొట్టుగది. ఆ ఇంటి గోడల మట్టి ఈవిడ, భర్త కలిసి తొక్కినది. తొక్కుతుండగా అత్త గట్టున కూర్చుని చుట్ట కాలుస్తూ తప్పులు పట్టిందట.

బావ వచ్చి గదిలో ఒకసారి ముక్కు ఎగబీల్చి, "అమ్మ ఇక్కడే ఉన్నాది. నీకు సెప్పినా ఇనవు. బేగి సామాన్లు సర్దుకో" అన్నాడు.

"కొత్త రానీ బావా. ఇప్పుడే పెంకులు లెక్కెట్టీసుకోకు" అంది ఆవిడ. గొంతు గట్టిగానే ఉంది, చేతులు మాత్రం కొంగు చివర నలుపుతున్నాయి.

మర్నాడు పొద్దున్న ఆవిడ నీళ్లకి వెళ్లింది. గదిలో నేనొక్కణ్నే. మంచు మోకాళ్లెత్తున లోపలికి వచ్చింది. పైన అద్దం పెంకు అప్పుడే తెల్లబడుతోంది. తేమ కొలిచే మీటరు చూసుకుంటున్నాను. ఎక్కడో టిక్‌మని చిన్న చప్పుడు. తలెత్తాను. నల్లబొట్టు డబ్బా పొర మీద మంచు పట్టి తెల్లగా ఉంది. ఆ తెలుపులో ఒకచోట తెలుపు లేదు. చూస్తుండగానే ఆ చోటు వేళ్లయింది. నాలుగు వేళ్లు, బొటనవేలు, అరచెయ్యి. చిటికెనవేలు పక్కకి వంగి ఉంది. పొర మెల్లగా పైకి పొంగింది. లోపల్నుంచి ఎవరో చెయ్యి ఆనించి తోస్తున్నట్టు, ఆ చెయ్యి నావైపు లేచింది. చుట్ట వాసన చెంపకి తగిలింది.

ఆ తర్వాత నాకు గుర్తున్నది ఊరి చివర చర్చి అరుగు. ఫోను సిగ్నల్ అక్కడే దొరుకుతుంది, కాబట్టి సిగ్నల్ కోసమే పరిగెత్తానని కొన్నాళ్లు చెప్పుకున్నాను. అక్కణ్నుంచి నా సహాధ్యాయికి ఫోన్ చేశాను. వగరుస్తూ అంతా చెప్పాను. అవతల నవ్వు.

"ఏరా, ఆక్టైల్ పక్కన నేను అవ్వని కూడా అతికించానని నీకెవడు చెప్పాడ్రా?"

"నవ్వకు. చెయ్యి కనపడిందిరా."

"ఆవిడ అణుభారం ఎంతో కనుక్కో. పేపర్ రాద్దాం."

ఆ సాయంత్రానికే డిపార్ట్‌మెంటు మొత్తానికి తెలిసిపోయింది. టీ దగ్గర నా గొంతు అనుకరిస్తూ "చెయ్యి కనపడిందిరా" అని చెప్పి చూపించాడట. అక్కడి ప్యూను కూడా నాకు ఫోన్ చేసి, ముసలమ్మగారు కులాసాయేనా అని అడిగాడు.

బావ ఊరుకోలేదు, దిశారిని తీసుకొచ్చాడు. మంచి చెడ్డ, ముహూర్తం, పండగ రోజు చూసి చెప్పే పెద్దమనిషిని అక్కడ దిశారి అంటారు. పలచటి మనిషి, తక్కువ మాట. పొద్దు గూకే వేళ పొయ్యిలో బూడిద జల్లించి గుమ్మం పక్కనుంచి గోడవార వేసున్న మంచం చుట్టూ, గది నేలంతా పలచగా పరిచి, తలుపు దగ్గరికి వేయించాడు. తెల్లారి మేమంతా గుమ్మంలో నిలబడి లోపలికి చూశాం. బూడిద పట్టుబట్ట పరిచినట్టు నున్నగా ఉంది. నల్లబొట్టు డబ్బా ముందు ఒక్క అడుగు. ఒక్కటే. రావడానికి అడుగు లేదు, పోవడానికి అడుగు లేదు. వేళ్లు డబ్బావైపు.

డబ్బా టిక్‌మంది.

"అమ్మ అడుగే. ఇంకేటి సూడాల?" అన్నాడు బావ.

దిశారి అడుగు వైపు చూసి, డబ్బా వైపు చూసి, చివరికి ఇల్లావిడ వైపు చూశాడు. "కొత్త ఎల్లుండి కాదు కదా. సూద్దారి" అన్నాడు. కానీ వెళ్తూ వెళ్తూ కప్పు వైపు ఒకసారి తలెత్తాడు. ఆ చూపుకి ఆవిడ గోడ పట్టుకుంది.

నాలుగు రోజులకి వాన తెరిపిచ్చింది. మంచు తొందరగా విడింది. నేను గదిలోకి వెళ్లాను, ధైర్యం వచ్చి కాదు, మీటరు అక్కడే వదిలేశాను కనక. వాసన లేదు. గోడ మీద అద్దం పెంకు ఎండ పళ్లెంలా పడి ఉంది. అది జారడం చూస్తూ నిలబడ్డాను. గోడ దిగింది, పీట మీదికి వచ్చింది, అక్కణ్నుంచి నల్లబొట్టు డబ్బా మూత ఎక్కింది. పొర మెల్లగా పొంగింది. టిక్. వాసన గుప్పుమంది.

నేను పీట మీద కూర్చుండిపోయాను. ముసలావిడ ఎండ కోసం ఇక్కడ కూర్చునేది. అదే ఎండ, అదే వేళకి ఇప్పుడు డబ్బాని వెచ్చబెడుతోంది. వెచ్చబడితే లోపలి గాలి పొంగి పొర ఉబుకుతుంది, తోకలున్న పక్కగుంపులు దాచుకున్న వాసన వదులుతాయి. చెయ్యి కూడా అంతే. రోజూ ఆనించిన అరచేతి చమురు పొరలోకి ఇంకింది. చమురు ఉన్నచోట మంచు ఒకలా పడుతుంది, లేనిచోట ఇంకోలా. బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో! పాఠం చెప్పేవాడికి పాఠం అర్థం కావాలన్న నిబంధన ఎక్కడా లేదు.

అయితే ఒకటి మాత్రం లెక్కకి రాలేదు. అంత పలచటి పొర ఇన్నాళ్లపాటు వాసన నిలుపుకోలేదు. ఈపాటికి ఖాళీ అయిపోవాలి. లోపల్నుంచి ఏదో నింపుతూ ఉండాలి. లేచి మూత బిగింపులు విప్పాను.

లోపల చిన్న గుడ్డమూట. ముడి సగం విడి ఉంది. పొగాకు ఆకులు, సగం కాలిన చుట్ట ఒకటి.

"తియ్యకు బాబూ."

ఇల్లావిడ గుమ్మంలో ఉంది. నీళ్లబిందె చంకలోనే ఉంది.

"నానే పెట్టినాను. అన్నీ తోపుకి ఒట్టుకెల్లిపోనారు. పొగాకేదీ అని దిశారి అడిగితే అయిపోనాదని సెప్పీసినాను. ఇది మాత్రం ఒగ్గనేకపోనాను."

"ఎందుకమ్మా?"

"ఎందుకేటి? కాపురానికొచ్చిన కాడినించీ పొద్దున్నే ఆ వాసనకే లేసినాను. అది నేకపోతే తెల్లారినట్టే నేదు. స్టీలు డబ్బాలో పెడితే వొచ్చినోలంతా మూతలు తీసి సూత్తారు. నీ డబ్బాలంటే అందరికీ బయం. పెట్టింది పెట్టినట్టే ఉంటాది, బయటకి పోదని నువ్వే కదా సెప్పినావు?"

నా ఉపన్యాసాన్ని అంత శ్రద్ధగా విన్న మనిషి నా ఉద్యోగ జీవితంలో ఆవిడ ఒక్కర్తే. దానికి ఆవిడ ఇల్లు పోబోతోంది.

"మరి ఆ అడుగు?"

"నాదే. తెల్లారగట్ట ఒకపాలి వాసన సూసుకుందారని బూడిద తొక్కకుండా మంచం మీంచి నడిసొచ్చినాను. వంగుతుంటే కాలు జారి ఆనీసింది."

"మీ బావగారు వాళ్లమ్మ అడుగే అన్నారే!"

"ఆయన వాలమ్మ కాళ్లు ఎప్పుడు సూసినాడేటి బాబూ, గుర్తెట్టడానికి?"

ఇద్దరం నవ్వాం. తర్వాత నవ్వు ఆగిపోయింది. మూట సంగతి చెప్తే ఇల్లు నిలుస్తుంది, కానీ పోయినవాళ్ల సొత్తు దాచిందన్న మాట ఆవిడ మీద పడుతుంది, మూట తోపుకి పోతుంది. చెప్పకపోతే కప్పు పోతుంది. నేను మూడు డబ్బాల వైపూ చూశాను. ఇన్నాళ్లూ కాయల్ని కమలబెట్టి నాకు తలవంపులు తెచ్చిన ఆకుపచ్చబొట్టు డబ్బా కళ్లపడింది.

"మూట అందులో పెడదాం" అన్నాను. జీపు కథ, చాటలు పట్టుకుని వేలాడేవాళ్ల కథ ఆవిడకి చెప్పాను.

"అయితే ఇది నోరు మూసుకుంటాదా?"

"బొత్తిగా మూసుకోదు. లోపల లోపల గొణుక్కుంటుంది. గుమ్మందాకా వినపడదు. ఎండ తగలని మూలకి జరుపుదాం. మీకు కావాలనిపించినప్పుడు మూత తీసి చూసుకోండి."

మూటని ప్లాస్టిక్ కవరులో చుట్టి దాంట్లో పెట్టి బిగించాం. నల్లబొట్టు పొరని మూతలోంచి ఊడదీసి నా దగ్గర పెట్టుకున్నాను. మూడు నాలుగు ఎండలు చూశాం. గదిలో మట్టి వాసన తప్ప ఏమీ లేదు. అప్పుడు దిశారిని, బావని పిలిపించాం.

"ఈ పొర గాజులాంటిది కాదు, స్పాంజిలాంటిది. ఆవిడ పొగని పీల్చుకుంది. చేతి చమురు పీల్చుకుంది. ఊదండి, కనిపిస్తుంది" అని పొరని దిశారి ముందు పట్టుకున్నాను.

ఆయన వంగి మెల్లగా ఊదాడు. పొర తెల్లబడింది. చెయ్యి వచ్చింది, వంగిన చిటికెనవేలుతో సహా. బావ ఒకడుగు వెనక్కి వేశాడు. కారణం తెలిసి కూడా నా మెడ మీద వెంట్రుకలు లేచాయి. తెలియడం వేరు, మెడ వేరు.

దిశారి ఆ చేతి మీద తన చెయ్యి ఆనించకుండా, పైన గాలిలో కాసేపు నిలిపాడు. "ఉన్నాది" అన్నాడు.

"ఉన్నది ఆవిడ కాదండీ, ఆవిడ చమురు..."

"నువ్వు సెప్పిందీ అదే, నాను సెప్పిందీ అదే సారూ. ఇందులో ఉన్నాది. నువ్వు తెచ్చినావు, నువ్వే ఒట్టుకెల్లు. లోయ దాటినదాకా ఎనక్కి తిరిగి సూడకు. ఎవులు పిలిసినా పలక్కు." తర్వాత ఇల్లావిడ వైపు తిరిగి, ఆకుపచ్చబొట్టు డబ్బాని కాస్త ఎక్కువసేపే చూసి, "ఆ మూత గట్టిగా బిగించుకో కోడలా" అన్నాడు.

పొరని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని, మంచులో స్టేషన్‌కి నడిచాను. వెనక ఎవరో దగ్గినట్టు అనిపించింది. తిరగలేదు. సైన్సు మీద గౌరవం ఉన్నవాణ్నే, కానీ చెప్పిన మాట వినడంలో నష్టం ఏముంది?

కిరండూల్ నుంచి వచ్చే రైలు ఎక్కాను. నా పక్క సీటు ఖాళీ. సొరంగాలు మొదలయ్యాయి. ఒక్కో సొరంగంలో రైలుపెట్టె వెచ్చబడ్డట్టుండి, చీకట్లో చుట్ట వాసన సన్నగా లేచేది. వెలుగులోకి రాగానే తగ్గేది. మధ్యలో ఒకావిడ పిల్లని చంకనేసుకుని ఎక్కింది, నా పక్కన కూర్చోబోయి ఆగింది. ఖాళీ సీటు వైపు చూసింది. "రా గుంటా, ఇటు కూకుందారి. మామ్మ కాళ్లు జాపుకోని" అని పిల్లని తీసుకుని ఎదురుసీట్లో ఇరుక్కుంది. మామ్మ ఎవరమ్మా అని అడగాలనుకున్నాను. అడగలేదు. కొండ దిగేదాకా ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు. నేను కూడా నా సంచి అక్కడ పెట్టలేదు.

కొర్ర కొత్త రోజున చర్చి అరుగు మీంచి ఇల్లావిడ ఫోన్ చేసింది. "కప్పు కప్పులాగే ఉన్నాది బాబూ. బావ కూడా వొచ్చి తిన్నాడు. ఏ వాసనా నేదన్నాడు." గొంతు తగ్గించింది. "పొద్దున్న మూత తీసి సూసుకున్నాను. బాగానే ఉన్నాది."

ఇక నా సహాధ్యాయి. ఏడాది గడవబోతున్నా అతను నన్ను చూడగానే "చెయ్యి కనపడిందిరా" అనడం మానలేదు. సెమినార్‌లో నన్ను పరిచయం చేస్తూ కూడా ఆ కథ చెప్పాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ప్రాజెక్టు ముగిసిన రోజున ఫ్రేములు కట్టే కొట్టుకి వెళ్లి, ఆ పొరని నల్ల అట్ట మీద బిగించి, అద్దం వెయ్యకుండా కట్టించాను. మన స్నేహానికి గుర్తు అని ఇచ్చాను. అతను మురిసిపోయి తన గదిలో కుర్చీ వెనక గోడకి తగిలించాడు. దాని కిందే అతని టీ కెటిల్ ఉంటుందని నాకు తెలుసు.

వానాకాలం వచ్చిన ఒక పొద్దున్న ఫోన్ మోగింది.

"ఒరే" అన్నాడు. గొంతులో నవ్వు లేదు. "గదిలో చుట్ట ఎవరో కాలుస్తున్నార్రా. ఇక్కడెవరూ లేరు. కెటిల్ పెట్టాను... గోడ మీద... ఒరే, ఈ చెయ్యి ఎవరిదిరా? వేలు వంకరగా ఉంది."

నాకు ఆక్టైల్ గురించి, చమురు గురించి, ఆవిరి గురించి వివరంగా చెప్పడం వచ్చు. అతనికీ వచ్చు, కాస్త నెమ్మదించాక తనకే తట్టేది. అంత పలచటి పొరలో ఇన్నాళ్ల తర్వాత కూడా పొగ ఎలా మిగిలిందో చెప్పడం మాత్రం ఇద్దరికీ రాదు.

"ఎవరిదో నేను చూడలేనురా. వెనక్కి తిరిగి చూడొద్దన్నారు నన్ను" అని ఫోన్ పెట్టేశాను.

ఇప్పుడతను కుర్చీని గోడవైపు తిప్పి కూర్చుంటున్నాడట. ప్యూను చెప్పాడు.